పేపరు చూసొస్తానని వెళ్లిన మనిషి

మే 6

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయడానికి ఏమీ లేక ఊరుకున్నాను. ఇవాళ కొంచెం ఉంది. ఫోన్లో చెబుదామంటే నీ చెవులకి సగమే అందుతుంది, మిగతా సగం నువ్వే అల్లుకుంటావు. అందుకని రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, మీ అన్నయ్య దొరకలేదు. కంగారుపడి కింది లైన్లు ముందు చదవకు.

ఫిబ్రవరిలో ఆయన పొద్దున్నే "పేపరు చూసొస్తా" అని చెప్పులేసుకుని వెళ్లారు కదా. మా వీధి చివర లైబ్రరీకేగా రోజూ వెళ్లేది. పోలీసులు అక్కడ అడిగితే ఆ రోజు రాలేదన్నారు. ఇంటికీ లైబ్రరీకీ మధ్య రెండు మలుపులు. ఆ మలుపుల్లో ఏదో అయిందని వాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆసుపత్రులన్నీ చూశారు. మా ఆసుపత్రి కూడా. నేను కింద లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే పైన వార్డుల్లో ఆయన కోసం వెతికారు.

ఇవాళ పని నుంచి వస్తుంటే పెద్ద వాన. లైబ్రరీ ముందే పట్టుకుంది. లోపలికి వెళ్లాను. ఇన్నేళ్లలో నేను ఆ మెట్లెక్కడం ఇదే మొదలు. నవ్వకు. పుస్తకాల చోటు ఆయనది, వంటిల్లు నాది అన్నట్టు ఉండిపోయింది, ఎవరూ ఏర్పాటు చేసింది కాదు.

కౌంటర్లో మందపాటి అద్దాలాయన ఉన్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన లేచి నిలబడి, మీ అన్నయ్య కూర్చునే కుర్చీ చూపించాడు. కిటికీ పక్కది. మామూలు కుర్చీ. కూర్చున్నాను. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. చీర అంచు తడిసి కాళ్లకి చల్లగా తగులుతోంది, అంతే.

అద్దాలాయన దగ్గరకొచ్చి, "ఆ వారం మేం తెరవనే లేదమ్మా. నేల పలకలు ఊడిపోతే రిపేరు పెట్టుకున్నాం," అన్నాడు.

"మరి పోలీసులకి రాలేదని చెప్పారట?"

"వచ్చాడా అని అడిగారు. రాలేదన్నాను. తెరిచి ఉందా అని ఎవరూ అడగలేదు."

అబద్ధం కాదు కదా. నాకు కోపం కూడా రాలేదు. ఆ వారం తలుపుకి ఒక బోర్డు పెట్టారట, ఇక్కడ రిపేర్లు, పాఠకులు దయచేసి వేరే బ్రాంచీలకి వెళ్లండి అని. కౌంటర్ వెనక గోడ మీద ఊరి పటం ఉంది, బ్రాంచి ఉన్న చోటల్లా ఎర్ర చుక్క. ఇన్ని ఉన్నాయని నాకు తెలీదు. ఊరికి తట్టు పోసినట్టుంది.

మీ అన్నయ్య పేపరు చూడకుండా ఇంటికొచ్చే మనిషి కాదు. అంటే ఇంకో బ్రాంచికి వెళ్లుంటారు. నాకు మధ్యాహ్నం రెండింటికి పనైపోతుంది. ఆ తర్వాత చేసేదేమీ లేదు. ఒక్కొక్కటీ చూసొస్తాను.

మీ ఆయనకి కంటి ఆపరేషన్ ఎప్పుడన్నారు? చెవుల మెషీన్ పెట్టుకుంటున్నావా, డబ్బాలో దాస్తున్నావా?

వదిన

మే 15

వదినా,

నీ ఉత్తరం కొట్లోనే చింపి చదివాను. ఎవరో వచ్చి నీలం దారం అడుగుతుంటే ఎర్రది చేతిలో పెట్టి పంపేశానట. సాయంత్రం తిరిగొచ్చి చొక్కా చూపించి ఒకటే గొడవ. ఎర్ర దారంతో నీలం గుండీలు, బాగానే ఉంది అన్నాను. ఇంకా అరిచింది. మెషీన్ పెట్టుకోలేదు కాబట్టి హాయిగా విన్నాను.

అయితే అన్నయ్య ఉన్నాడు! నేను మొదటి నుంచీ చెప్తున్నానా లేదా? మా ఆయన తల ఊపేవాడే గానీ నమ్మలేదు. ఇప్పుడు నీ ఉత్తరం మొహాన పెట్టి చూపించాను. ఎప్పుడూ అంతే, అన్నయ్య ఏదైనా మొదలుపెడితే మధ్యలో ఆగడు. ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు, సగంలో వదిలేసిన లిఫ్టు ఒక్కటి చెప్పు. పేపరు చూడాలనుకుంటే చూసే ఉంటాడు. ఎక్కడో తల తిరిగి పడుంటాడు, ఎవరో మంచివాళ్లు చేరదీసి ఉంటారు, పేరు మర్చిపోయి ఉంటాడు. నువ్వు వెంటనే ఫోటో కాపీలు తీయించి ప్రతి బ్రాంచిలోనూ గుమ్మం దగ్గర అంటించు. మొహమాటపడకు. నీకు అడగడమంటే చచ్చేంత బరువని నాకు తెలుసు, కానీ ఇది పక్కింటి వాళ్లని నిచ్చెన అడగడం కాదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ముందు రోజు మీ ఇద్దరికీ మాటా మాటా ఏమైనా వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను. ఇంకో మాట. ఇన్ని నెలలూ రెండు మలుపుల అవతలున్న ఆ గడప తొక్కాలని నీకెందుకు తోచలేదు? వాన పడకపోతే ఇంకా తెలిసేదే కాదు కదా. ఇది కూడా ఊరికే అడుగుతున్నాను.

రోజూ రాయి. రోజూ కుదరకపోతే దొరికిన రోజైనా రాయి.

నీ పిచ్చుక

జూన్ 9

పిచ్చుకా,

నువ్వు ఊరికే అడిగినవాటికి ముందు జవాబు. మాటా మాటా రాలేదు. ముందు రోజు ఆయనతో ఏం మాట్లాడానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. గిన్నెలు కడిగాను, అది గుర్తుంది. ఆయన కిటికీ గొళ్లెం బిగించారు, అదీ గుర్తుంది. లైబ్రరీకి ఎందుకు వెళ్లలేదంటావా, రాలేదని చెప్పిన చోటికి వెళ్లి ఏం చూస్తాను?

చాలా బ్రాంచీలు తిరిగాను. ఒకటి ఫైర్ స్టేషన్ పైన ఉంది. గంట మోగితే కింద నుంచి బండ్లు బయల్దేరే దాకా బల్లలు అదురుతాయి, చదివేవాళ్లు తల కూడా ఎత్తరు. ఒకటి ఇదివరకు బ్యాంకట. డబ్బు దాచుకునే ఇనప గదిలో పిల్లల పుస్తకాలు పెట్టారు. అంత లావు తలుపు, లోపల బొమ్మల పుస్తకాలు. ఇంకో చోట పైకప్పు కారుతుంది. బీరువాల మధ్య బకెట్లు పెట్టారు, ఏ పుస్తకం కావాలన్నా బకెట్ దాటి వెళ్లాలి. అక్కడ పనిచేసే ఆవిడ నాకు దారి చూపిస్తూ, "చరిత్ర దగ్గర జారుతుంది, జాగ్రత్త," అంది.

అన్ని చోట్లా పేపర్లు చదివే మగవాళ్లు ఒకేలా ఉంటారు. మోచేతులు బల్ల మీద, ఒక కాలు చెప్పులోంచి బయటికి. వెనక నుంచి చూస్తే అందరూ మీ అన్నయ్యే. మొదట్లో ముందుకి వెళ్లి ఒక్కొక్కరి మొహం చూసేదాన్ని. వాళ్లు పేపరు అడుగుతున్నాననుకుని ఇచ్చేసేవాళ్లు. తీసుకుని చదివేదాన్ని, బాగోదని.

ఫోటోలు నువ్వు చెప్పినట్టే అంటించాను. కొన్ని రోజుల తర్వాత ఒక బ్రాంచికి మళ్లీ వెళ్తే, ఆయన పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంది, పుస్తకాల్లో పేజీలు చించేవారిని పట్టించండి అని. చూసేవాళ్లకి ఆయనే చించినట్టుంది. తీసేశాను. మిగతా చోట్ల కూడా తీసేశాను. ఇప్పుడు కౌంటర్లో ఉన్నవాళ్లకి మాత్రం చూపిస్తున్నాను.

నిన్న ఒక చోట తేనెటీగల పుస్తకం కనిపించింది. కూర్చుని చదివాను. చలికాలంలో అవన్నీ ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని ముద్దగా ఉంటాయట. బయట ఉన్నవి కాసేపయ్యాక లోపలికి వెళ్తాయి, లోపలివి బయటికొస్తాయి. మూసేస్తున్నాం అని వచ్చి చెప్పేదాకా చదివాను. బస్సెక్కాక గాని గుర్తు రాలేదు, నేను వచ్చింది ఆయన కోసమని. ఆ బ్రాంచిలో ఫోటో చూపించనే లేదు.

పనిలో నా జోడీ, అదే, దుప్పటి రెండో కొస పట్టుకునే ఆవిడ, నీ చేతులు కాలడం లేదా అని అడిగింది. మెషీన్లోంచి తీసిన దుప్పట్లు వేడిగా ఉంటాయి కదా, అందరూ కాసేపు ఆగి పట్టుకుంటారు. నేను ఆగడం లేదట. చూసుకుంటే నిజంగానే అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

వదిన

జూన్ 20

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది, నేను తప్పు చదివానేమోనని.

ఫోటోలు తీసేశావా? మా అన్నయ్య ఫోటోలు గోడల మీద నుంచి నీ చేత్తో నువ్వే తీసేశావా? పక్కన ఏ కాగితం ఉంటే ఏం, దాన్ని పీకెయ్యొచ్చుగా! పైగా తేనెటీగలు. కట్టుకున్నవాడు ఏ రోడ్డు పక్కన ఉన్నాడో తెలీకపోతే తేనెటీగలు చలికాలం ఏం చేస్తాయో చదువుతూ కూర్చున్నావా? బకెట్లు, బ్యాంకు తలుపులు, ఫైర్ ఇంజిన్లు! నాలుగు పేజీల ఉత్తరంలో అన్నయ్య గురించి ఎన్ని మాటలున్నాయో నువ్వే చూసుకో. విహారయాత్రకెళ్లినట్టు రాశావు.

నేను చెవిటిదాన్నే, మొద్దుదాన్ని కాదు. ఫిబ్రవరిలో ఫోన్ చేసి చెప్పినప్పుడు కూడా నీ గొంతు ఏమాత్రం వణకలేదు. ఏదో సరుకులు అయిపోయాయన్నట్టు చెప్పావు. వినపడక అలా అనిపించిందేమోలే అనుకున్నాను. ఇప్పుడు రాతలో కూడా అలాగే ఉంది. ఒక్క కన్నీటి చుక్క పడి ఒక్క అక్షరమైనా చెరిగిందా అని కాగితం వెలుతురుకి పెట్టి చూశాను. శుభ్రంగా ఉంది.

నాకు ఒకటే అనిపిస్తోంది. నీకు అన్నయ్య దొరక్కపోతేనే హాయి. ఉన్నాడని తెలిస్తే ఎందుకు వెళ్లాడో అడగాలి, అది నీ వల్ల కాదు.

రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. ఉండనీ.

పిచ్చుక

ఆగస్టు 2

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. దానికి జవాబు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. నువ్వు అన్నది తప్పని రాయలేను, నిజమని కూడా రాయలేను. ఏదీ తెలియక బస్సెక్కేదాన్ని.

మీ అన్నయ్య కనిపించారు. బాగానే ఉన్నారు. ఒక నిమిషం ఆగి మీ ఆయనకి చెప్పి, మంచినీళ్లు తాగి చదువు.

పటంలో అన్నిటికన్నా చివర ఉన్న చుక్క. గూడ్స్ రైళ్లు ఆగే యార్డు పక్కన. బస్సు దిగి గోడౌన్ల మధ్య నుంచి నడవాలి. కిటికీలు పట్టాల వైపే. రైలు వెళ్తుంటే అద్దాలు గడగడలాడతాయి, చదివేవాళ్లు లైను మీద వేలు పెట్టుకుని ఆగుతారు, రైలు పోయాక మళ్లీ చదువుతారు. నేను లోపలికి వెళ్లేసరికి అందరి వేళ్లూ ఆగి ఉన్నాయి. వాటిలో ఒక వేలి గోరు చీలి ఉంది. లిఫ్టు తలుపులో పడి నలిగిన గోరు. మొహం చూడక్కర్లేకపోయింది.

ఎదురు కుర్చీలో కూర్చున్నాను. రైలు వెళ్లిపోయింది. ఆయన తలెత్తారు.

"ఎంతసేపైంది వచ్చి?" అన్నారు.

"ఇప్పుడే."

పేపర్లోంచి మధ్య షీటు తీసి నాకిచ్చారు. ఇంట్లో ఎప్పుడైనా పేపరు కొంటే అలాగే ఇచ్చేవారు. నేను చదివాను. ఏం చదివానో తెలీదు గానీ పేజీ తిప్పాను. కాసేపయ్యాక బయట మెట్ల మీద కూర్చుందామన్నారు, లోపల మాట్లాడకూడదు కాబట్టి.

"ఆ రోజు ఏమైంది?" అని అడిగాను. అడగడం నా వల్ల కాదన్నావు. అడిగాను.

"మన బ్రాంచి మూసి ఉంది. బోర్డు చూసి ఇంకోదానికి వెళ్దామని బస్సెక్కాను. దిగాల్సిన చోటు వచ్చింది. దిగాలనిపించలేదు. చివరి స్టాపు దాకా వచ్చేశాను. ఇక్కడ ఇది తెరిచి ఉంది. పేపరు చూశాను."

"ఫోన్ ఎందుకు చెయ్యలేదు?"

"సాయంత్రం చేద్దామనుకున్నాను. సాయంత్రమయ్యాక పొద్దున చేద్దామనుకున్నాను. ఆ తర్వాత చేస్తే, ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదో కూడా చెప్పాలి కదా. అది తెలీలేదు."

"నా మీద కోపమా?"

"నీ మీదెందుకు?" నిజంగానే ఆశ్చర్యపోయారు.

"మరి?"

ఒక కాలు చెప్పులోంచి బయటికి తీసి మెట్టు మీద పెట్టుకున్నారు. ఆ తర్వాత అన్నారు: "రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఏమీ అనిపించేది కాదు. అన్నం తిన్నా, నువ్వు పలకరించినా. నాకేదో అయిందనుకునేవాణ్ని. నీకు చెప్తే కంగారుపడతావు. బస్సులో కూడా ఏమీ అనిపించలేదు. కానీ బస్సులో ఎవరికీ ఏమీ అనిపించదు కదా, అందుకని బాగుంది."

పిచ్చుకా, ఆయన అలా అంటుంటే నాకు కొత్తగా అనిపించలేదు. ఒక ఇంట్లో ఇద్దరికీ ఒకే జబ్బు చేసినట్టుంది. ఒకరికి చెప్తే ఒకరు కంగారుపడతారని ఇద్దరం ఊరుకున్నాం.

అక్కడే ఒక గోడౌన్లో సరుకు లిఫ్టు చూసుకునే పని దొరికిందట. పైన గది ఇచ్చారు. చిక్కారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. వాన చలికేమో, ఆకుపచ్చ స్వెటర్ వేసుకున్నారు, నేను ఎప్పుడూ చూడనిది. మూసే గంట కొట్టారు. "బస్సు దొరుకుతుందా?" అని అడిగారు. దొరుకుతుందన్నాను. ఆయన గోడౌన్ల వైపు వెళ్లారు, నేను బస్టాపు వైపు వచ్చాను. పోలీస్ స్టేషన్లో చెప్పాను. దొరికారని రాసుకున్నారు.

ఇంతే జరిగింది. ఏమీ దాచలేదు.

వదిన

ఆగస్టు 10

వదినా!

ఉన్నాడు! మా అన్నయ్య ఉన్నాడు! కొట్టు మూసేసి ఇంటికొచ్చి మా ఆయనకి మూడుసార్లు చదివి వినిపించాను. కంటికి కట్టు ఉంది కాబట్టి పారిపోలేడు. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి అన్నయ్యని తిట్టాను. మూడోసారి నిన్ను.

ఇంటికి రమ్మని అడగలేదా? అన్నీ అడిగావు, ఆ ఒక్కటీ అడగలేదా? బస్సు దొరుకుతుందా అంటే దొరుకుతుంది అని చెప్పి వచ్చేశావా? చొక్కా పట్టుకుని లాక్కురావాలి వదినా! మనిషి దొరికితే తీసుకురావాలి గానీ, చూసి వచ్చేస్తారా, మ్యూజియం అనుకున్నావా?

ఇక ఆ స్వెటర్. నువ్వు అమాయకురాలివి. మగవాడు తనంతట తాను ఆకుపచ్చ స్వెటర్ కొనుక్కోడు. దారాల కొట్టు నడిపేదాన్ని, ఎవరు ఏ రంగు ఎవరి కోసం కొంటారో నాకు తెలియదా? అక్కడ ఎవరో ఉంది. పైన గది, పొట్టి జుట్టు, స్వెటర్, ఇంకా ఏం కావాలి? ఏమీ అనిపించడం లేదు అనేది మగవాళ్లు చెప్పే మాట. నాకు మండిపోతోంది. అన్నయ్య అయితే ఏంటి?

నేనే బయల్దేరి వచ్చేదాన్ని, మా ఆయన కంట్లో మందు వెయ్యడానికి ఎవరూ లేరు. అందుకని ఉత్తరం రాశాను. అన్నయ్యకి. ఆ చివరి బ్రాంచి అడ్రసుకి, లైబ్రేరియన్ గారు దయచేసి ఇవ్వండి అని పైన రాసి పోస్టు చేశాను. ఏం రాశానో నీకు చెప్పను. చెప్తే వద్దంటావు.

నీ మీద కోపం పోలేదు. కానీ వెతికింది నువ్వే, అది కాదనను.

పిచ్చుక

సెప్టెంబర్ 14

పిచ్చుకా,

నాకు ఒంట్లో బాగోలేదని రాశావట. మంచం మీద ఉందని, ఎవరినీ గుర్తుపట్టడం లేదని.

నిన్న ఆదివారం. పొద్దున బట్టలు నానబెడుతుంటే గంట మోగింది. తలుపు తీస్తే ఆయన. తాళం చెవి ఆయన దగ్గర ఉంది, అయినా గంట కొట్టి నిలబడ్డారు. నా చేతుల నిండా సబ్బు. ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, "లేచి తిరుగుతున్నావే?" అన్నారు.

"ఎందుకు తిరగను?"

నీ ఉత్తరం జేబులోంచి తీసి చూపించారు. ఇద్దరం గుమ్మంలో నిలబడి చదివాం. నన్ను చూడాలంటే ఇదే ఆఖరు అని కూడా రాశావు. కొంచెం ఎక్కువైంది పిచ్చుకా. అయినా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. "జ్వరం లేదు," అన్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వెచ్చగా ఉందని నాకు తెలిసింది. చాలా రోజుల తర్వాత ఒకటి తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

కుర్చీ అంచున కూర్చున్నారు. నీళ్లిస్తే థ్యాంక్స్ అన్నారు. నువ్వు అనుమానపడ్డ స్వెటర్ కూడా వేసుకుని వచ్చారు, అడిగేశాను. లైబ్రరీలో మర్చిపోయిన వస్తువుల డబ్బా ఒకటి ఉంటుందట. ఎవరూ రాకపోతే కావాల్సినవాళ్లకి ఇచ్చేస్తారట. చలికాలంలో వచ్చిన మనిషి చొక్కాతో వణుకుతుంటే అక్కడి లైబ్రేరియన్ ఇచ్చాడు. చేతులు పొట్టి. ఇంకెవరిదో కొలత. నీ లెక్కలు వేరే ఇంటికి వర్తిస్తాయేమో చూసుకో.

మధ్యాహ్నం దాకా ఉన్నారు. వంట చేశాను, తిన్నారు. బాగుందన్నారు, నిజమో మర్యాదో తెలీదు. పనిముట్ల పెట్టె తీసి తుడుచుకున్నారు. నువ్వు అన్న మాట నాకు గుర్తుంది కాబట్టి, ఆయన పెట్టె మూస్తుంటే అడిగాను.

"ఇంటికి వచ్చేస్తారా?"

"తెలీదు," అన్నారు. "వస్తే మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చుంటాను. అక్కడ లిఫ్టు ఉంది, పొద్దున్నే గ్రీజు పెట్టాలి. నేను లేకపోతే ఆగిపోతుంది." పెట్టె గొళ్లెం వేసి, "నువ్వు ఎదురుచూస్తుంటావా?" అని అడిగారు.

నేను అబద్ధం చెప్పలేదు. "మధ్యాహ్నం పని నుంచి వచ్చాక నేను ఇంట్లో ఉండను. లైబ్రరీలకి వెళ్తాను. ఇంకా చూడనివి ఉన్నాయి. వచ్చేట్టయితే ఆదివారం పొద్దున రండి," అన్నాను.

"నేను దొరికానుగా. ఇంకా ఎందుకు తిరగడం?"

"మీ కోసం కాదు."

ఆయన నా వైపు చూశారు, మెట్ల మీద కూర్చున్నప్పటి కన్నా ఎక్కువసేపు. "ఏ బ్రాంచికి వెళ్తావు?"

"ఏ బస్సు ముందొస్తే ఆ బ్రాంచికి."

నవ్వారు. పెద్దగా కాదు. పెట్టె పట్టుకుని వెళ్లారు. నేను తలుపేసి, నానబెట్టిన బట్టలు ఉతికి ఆరేశాను. సాయంత్రం అయ్యాక వంటింట్లో నేల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. నీకు చెప్పాలని రాస్తున్నాను గానీ, దానికి రుజువుగా ఈ కాగితం మీద చుక్కలేమీ లేవు. అప్పుడు చేతిలో కాగితం లేదు మరి.

వచ్చే ఆదివారం వస్తారో రారో నాకు తెలీదు. రాకపోతే ఇల్లు పగిలిపోదు. వస్తే వంట చేస్తాను. ఇంతకన్నా ముందుకి నాకు కనిపించడం లేదు, కనిపిస్తోందని నీకు రాయలేను.

ఒకటి అడగాలి. ఇన్నాళ్లూ కింద వదిన అని రాస్తున్నాను. మీ అన్నయ్య అక్కడ, నేను ఇక్కడ. ఇప్పుడు మమ్మల్ని మొగుడూ పెళ్లాలంటారో, ఇంకేమంటారో నాకు తెలీదు. అలాంటప్పుడు నేను నీకు ఏమవుతాను? పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, కింద ఏం రాయాలో తోచక. అందుకని ఏమీ రాయడం లేదు. చేతిరాత నీకు తెలుసుగా.

సెప్టెంబర్ 21

వదినా,

మంచం మీద ఉందని రాశాను, నిజమే. మరి ఏం రాయమంటావు? వదిన లైబ్రరీల్లో తేనెటీగల గురించి చదువుకుంటోంది, తీరిక ఉన్నప్పుడు రా అని రాస్తే వచ్చేవాడా?

స్వెటర్ విషయం ఒప్పుకుంటున్నాను. మా ఆయన ఇంకా నవ్వుతున్నాడు.

అన్నయ్యకి మళ్లీ రాయను. ఆ లిఫ్టుకి గ్రీజు పెట్టుకోనీ. వస్తే వస్తాడు. మా ఆయనకి కట్టు విప్పాక నేనే వస్తాను, వారం ఉంటాను. మధ్యాహ్నాలు నన్ను కూడా తిప్పు. లైబ్రరీలో మెషీన్ తీసేస్తాను, ఎవరూ మాట్లాడరు కాబట్టి అక్కడ నేనూ అందరిలాంటిదాన్నే.

ఇక నువ్వు కింద ఖాళీగా వదిలేసిన చోటు. అది చూసి నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది. నువ్వు నాకు వదినవి కాకపోతే, ఇన్నాళ్లూ నేను పోట్లాడింది ఎవరితో?

పిచ్చుక